ద్రవ్యోల్బణం తగ్గింది, ఓట్లు మాత్రం తిరిగి రాలేదు

సంక్షిప్తంగా: ఆర్థిక పరిస్థితి బాగుంటే అధికార పక్షం గెలుస్తుందని, దెబ్బతింటే ఓడుతుందని ఎప్పటినుంచో ఉన్న నమ్మకంలో చాలావరకు నిజముంది. అయితే ఓటరు జీడీపీ పట్టిక చూసుకుని పోలింగ్ కేంద్రానికి వెళ్లడు. ధరలు ఎక్కడికి చేరాయి, జీతం వాటిని అందుకుందా, ఇందులో తప్పెవరిది అన్నవి తేల్చుకుని వెళతాడు. ఆ చివరి ప్రశ్నకు ఓటరు ఇచ్చుకునే జవాబు చాలాసార్లు ఆర్థికవేత్తల జవాబుతో కలవదు. నాయకుల తలరాత మారేది ఎక్కువగా అక్కడే.

2024 మే 22న బ్రిటన్ ప్రధాని రిషి సునాక్ ఎన్నికలు ప్రకటించారు. ద్రవ్యోల్బణం 2.3 శాతానికి దిగిందన్న లెక్కలు ఆ ఉదయమే వెలువడ్డాయి. పోలింగ్‌కు రెండు వారాల ముందు వచ్చిన లెక్క ఇంకా మెరుగ్గా ఉంది. సరిగ్గా 2 శాతం. కేంద్ర బ్యాంకు పెట్టుకున్న లక్ష్యం కూడా అదే. 2022 అక్టోబరులో ఇదే రేటు 11.1 శాతం. ఈ అంకెల ప్రకారమైతే ప్రభుత్వం గండం గట్టెక్కినట్టే. కానీ జులై 4న పోలింగ్ ముగిసి ఓట్లు లెక్కిస్తే కన్జర్వేటివ్ పార్టీకి దక్కినవి 121 సీట్లు. ఆ పార్టీ చరిత్రలో అంత తక్కువ ఎన్నడూ రాలేదు. 2019లో 43.6 శాతం ఉన్న ఓట్లు 23.7 శాతానికి పడిపోయాయి.

బ్రిటన్ ఒక్కటే అయితే స్థానిక కారణాలతో సరిపెట్టుకోవచ్చు. 14 ఏళ్ల పాలన మీద విసుగు ఉంది. 2022 సెప్టెంబరులో లిజ్ ట్రస్ ప్రభుత్వం పెట్టిన మినీ బడ్జెట్ రేపిన కలకలం ఉంది. కానీ అదే ఏడాది జపాన్‌లో పాలక లిబరల్ డెమోక్రటిక్ పార్టీ కూటమి దిగువ సభలో మెజారిటీ పోగొట్టుకుంది. దక్షిణాఫ్రికాలో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ ఓట్లు 57.5 శాతం నుంచి 40.2 శాతానికి జారాయి. భారత్‌లో బీజేపీ 303 సీట్ల నుంచి 240కి తగ్గింది. అమెరికాలో డెమోక్రాట్లు అధ్యక్ష పదవి కోల్పోయారు. వామపక్షం, కుడిపక్షం, మధ్యేమార్గం అన్న తేడా లేకుండా, అధికారంలో ఎవరుంటే వారికే దెబ్బ తగిలింది. ఇన్ని దేశాల్లో ఒకే ఏడాది గాలి ఒకే వైపు వీచినప్పుడు, కారణం ఏ ఒక్క నాయకుడి గుణదోషాల్లోనో ఉందనుకోవడం కష్టం.

రేటు వేరు, ధర వేరు

ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు పెరిగే వేగం తగ్గిందని అర్థం. పెరిగిన ధరలు వెనక్కి వచ్చాయని కాదు. వార్తలు చదివేవారు, కొన్నిసార్లు రాసేవారు కూడా తడబడే చోటిది. 100 ఉన్న వస్తువు ధర మొదటి ఏడాది 10 శాతం, రెండో ఏడాది 7 శాతం, మూడో ఏడాది 2 శాతం పెరిగితే 120 అవుతుంది. గణాంకాల శాఖ లెక్కలో సమస్య 10 నుంచి 2కు దిగివచ్చింది. కొనేవారి లెక్కలో 100 కాస్తా 120 అయి అక్కడే తిష్ఠ వేసింది. ఇదేమీ ఊహా లెక్క కాదు. 2021 మే నుంచి 2024 మే వరకు బ్రిటన్‌లో వినియోగదారుల ధరల సూచీ దాదాపు 21 శాతం పెరిగింది. 2021 జనవరి నుంచి 2024 ఎన్నికల నాటికి అమెరికాలో పెరుగుదల కూడా ఇంచుమించు అంతే.

ధరలతోపాటు జీతాలూ పెరిగాయి కదా అని ప్రభుత్వాలు వాదిస్తాయి. ఆ వాదన ఎందుకు చెవికెక్కదో హార్వర్డ్ ఆర్థికవేత్త స్టెఫనీ స్టాంచేవా 2024లో ప్రచురించిన అధ్యయనం వివరిస్తుంది. జీతం పెరిగితే అది తమ పనితనానికి, కష్టానికి దక్కిన ఫలితమని జనం అనుకుంటారు. ధర పెరిగితే మాత్రం ప్రభుత్వం గానీ, కంపెనీలు గానీ చేసిన పని అనుకుంటారు. ద్రవ్యోల్బణం వల్లే జీతం కూడా పెరిగిందన్న ఆలోచన చాలామందికి రాదు. అంటే ఒకే ఆర్థిక పరిణామంలోని మంచి సగం ఓటరు సొంత ఖాతాలోకి, చెడ్డ సగం నాయకుడి ఖాతాలోకి వెళతాయి. ఈ రెండు ఖాతాలు ఎప్పటికీ సరితూగవు.

నిరుద్యోగంతో పోలిస్తే ధరల దెబ్బ ఓట్ల పెట్టెలో ఎందుకు గట్టిగా తగులుతుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. నిరుద్యోగం 5 శాతం నుంచి 10 శాతానికి పెరగడం ఘోరమైన విషయం. ఉద్యోగం పోయిన ఇంట్లో అది జీవితాన్నే తలకిందులు చేస్తుంది. అయినా మిగతా 90 శాతం మందికి జీతం వస్తూనే ఉంటుంది. వారిది భయం, అనుభవం కాదు. ధరల పెరుగుదల అలా కొందరిని ఎంచుకోదు. ప్రతి ఇంటికీ వెళుతుంది, వారంలో పలుమార్లు గుర్తు చేస్తుంది. ఉద్యోగం పోవడం కొద్దిమందికి లోతైన గాయమైతే, ధర పెరగడం అందరికీ రోజూ తగిలే దెబ్బ. ఓట్ల లెక్కలో తలల సంఖ్యకే విలువ. బాధ ఎంత లోతైనదో కొలిచే పద్ధతి అందులో లేదు.

దీనికి తోడు మందు కూడా చేదే. ధరలను అదుపు చేయడానికి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ 2021 డిసెంబరులో 0.1 శాతం ఉన్న వడ్డీ రేటును 2023 ఆగస్టు నాటికి 5.25 శాతానికి తీసుకెళ్లింది. ఇంటి రుణాల వాయిదాలు అమాంతం పెరిగాయి. విచిత్రమేమిటంటే ఆ వడ్డీ భారం బ్రిటన్‌లో గానీ, అమెరికాలో గానీ ప్రధాన వినియోగదారుల ధరల సూచీలో నేరుగా కనిపించదు. ద్రవ్యోల్బణం దిగిందని ప్రభుత్వం చెబుతున్న నెలల్లోనే ఎన్నో ఇళ్లలో నెలవారీ ఖర్చు పెరుగుతూ పోయింది. జనం లెక్కలు అర్థం చేసుకోలేకపోయారనడం తేలిక. నిజానికి వారు చూస్తున్న లెక్కే వేరు.

2024లో ఈ గాలికి ఎదురు నిలిచిన దేశాల్లో మెక్సికో ఒకటి. జూన్‌లో జరిగిన ఎన్నికల్లో పాలక మొరేనా పార్టీ అభ్యర్థి క్లాడియా షీన్‌బామ్ దాదాపు 60 శాతం ఓట్లతో గెలిచారు. ధరలు అక్కడా పెరిగాయి. కానీ ఆమెకు ముందున్న అధ్యక్షుడు లోపెజ్ ఒబ్రడార్ హయాంలో రోజువారీ కనీస వేతనం 2018లో ఉన్న 88 పెసోల నుంచి 2024 నాటికి దాదాపు 249 పెసోలకు చేరింది. ధరల పెరుగుదలను తీసేసి చూసినా రెట్టింపు దాటింది. పైగా ఆ పెంపు ప్రభుత్వం ప్రకటించిన పెంపు. ఎవరి వల్ల వచ్చిందన్న అనుమానానికి అందులో తావు లేదు. జీతం పెరుగుదల సొంత కష్టం ఖాతాలోకి పోకుండా నాయకుడి ఖాతాలో పడిన అరుదైన సందర్భం ఇది.

ఎంత ఉందో కాదు, ఎటు పోతోందో

1980 అక్టోబరు 28న జరిగిన చర్చలో రోనాల్డ్ రీగన్ అమెరికన్లను అడిగిన ప్రశ్న ఇప్పటికీ ప్రపంచమంతటా ఎన్నికల సభల్లో వినిపిస్తూనే ఉంటుంది. నాలుగేళ్ల కిందటి కంటే మీ పరిస్థితి మెరుగ్గా ఉందా? ఆ ఏడాది అమెరికాలో సగటు ద్రవ్యోల్బణం 13.5 శాతం. ద్రవ్యోల్బణాన్ని, నిరుద్యోగాన్ని కలిపితే వచ్చే అంకెకు దుస్థితి సూచీ అని పేరు. ఆర్థర్ ఓకన్ అనే ఆర్థికవేత్త కూర్చిన లెక్క అది. 1976లో జిమ్మీ కార్టర్ అదే సూచీని చూపించి అప్పటి అధ్యక్షుడు ఫోర్డ్‌ను నిలదీశారు. నాలుగేళ్లకు అది 20 దాటి కార్టర్ మెడకే చుట్టుకుంది.

ఆ కథలో ఎక్కువమంది గమనించని భాగం ఒకటుంది. కార్టర్ ఓడిన 1980 నవంబరులో నిరుద్యోగం 7.5 శాతం. రీగన్ 50 రాష్ట్రాల్లో 49 గెలుచుకున్న 1984 నవంబరులో అది 7.2 శాతం. రెండు అంకెల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా అంతా అవి నడిచిన దారిలో ఉంది. మధ్యలో 1982 చివర నిరుద్యోగం 10.8 శాతానికి ఎగబాకింది. 1983 జనవరిలో గాలప్ సర్వేలో రీగన్‌కు ఆదరణ 35 శాతమే. అక్కడి నుంచి నిరుద్యోగం దిగుతూ, ఆదాయాలు పెరుగుతూ వచ్చాయి. 1984లో ఆర్థిక వృద్ధి 7 శాతం దాటింది. మాంద్యం పదవీకాలం తొలి సగంలో వచ్చి పోవడం రీగన్‌కు కలిసొచ్చింది. అదే మాంద్యం రెండేళ్లు ఆలస్యంగా వచ్చి ఉంటే ఆయన ఇంకో కార్టర్ అయ్యేవారు.

ఓటరు జ్ఞాపకం పదవీకాలం మొత్తాన్నీ సమానంగా తూచదని, చివరి ఏడాది, ఏడాదిన్నరకు ఎక్కువ బరువు ఇస్తుందని పరిశోధనలు చాలాకాలంగా చెబుతున్నాయి. 1971లో జెరాల్డ్ క్రామర్ 1896 నుంచి 1964 వరకు అమెరికా కాంగ్రెస్ ఎన్నికలను పరిశీలించి, ఎన్నికల ఏడాదిలో నిజ ఆదాయంలో, అంటే ధరల పెరుగుదలను తీసేసి చూసిన ఆదాయంలో, వచ్చే మార్పునకూ అధికార పార్టీ ఓట్లకూ గట్టి లంకె ఉందని చూపించారు. ఈ రంగంలో గణాంక పరిశోధన ఊపందుకున్నది ఆ పత్రంతోనే.

అయితే కోలుకోవడం మొదలైతే చాలదు, అది తెలియాలి. 1991 మార్చి ప్రారంభంలో, గల్ఫ్ యుద్ధం ముగిశాక, జార్జ్ హెచ్.డబ్ల్యూ. బుష్ ఆదరణ గాలప్ సర్వేలో 89 శాతం. మరుసటి ఏడాది నవంబరులో ఆయనకు పడిన ఓట్లు 37.4 శాతం. ఈలోగా జరిగిందల్లా ఒక చిన్న మాంద్యం. సాంకేతికంగా అది 1991 మార్చిలోనే ముగిసింది. కానీ ఉత్పత్తి కోలుకున్నంత వేగంగా ఉద్యోగాలు రాలేదు. నిరుద్యోగం పెరుగుతూ 1992 జూన్‌లో 7.8 శాతానికి చేరింది. మాంద్యాలు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిశాయో అధికారికంగా తేల్చే నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనమిక్ రీసెర్చ్, ఆ మాంద్యం ముగిసిందని ప్రకటించింది 1992 డిసెంబరు 22న. ఎన్నికలు జరిగి అప్పటికి ఏడు వారాలు. నిపుణుల సంస్థకే రూఢి చేసుకోవడానికి అంతకాలం పట్టిన విషయాన్ని సామాన్య ఓటరు ముందే గుర్తించి మెచ్చుకోవాలని ఆశించడం న్యాయం కాదు.

సొంత జేబా, దేశం పరిస్థితా?

జేబుకు చిల్లు పడితే ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేస్తారన్నది మామూలుగా అనుకునే మాట. 1979లో, 1981లో డొనాల్డ్ కిండర్, రోడెరిక్ కీవిట్ చేసిన అధ్యయనాలు దీన్ని కొంత తిరగరాశాయి. అమెరికా సర్వేల్లో, సొంత ఆర్థిక పరిస్థితి గురించి చెప్పిన జవాబు కంటే దేశ ఆర్థిక పరిస్థితి గురించి చెప్పిన జవాబే ఓటును మెరుగ్గా అంచనా వేసింది. ఉద్యోగం పోయిన వ్యక్తి అందుకు కంపెనీని, అదృష్టాన్ని, తనను తాను నిందించుకోవచ్చు. చుట్టూ అందరికీ పోతున్నాయని తెలిసినప్పుడే వేలు ప్రభుత్వం వైపు తిరుగుతుంది. ఇక్కడ కూడా అసలు విషయం బాధ్యత ఎవరిదన్నదే.

కానీ దేశం పరిస్థితి ఎలా ఉందో ఓటరుకు తెలిసేది ఎక్కడి నుంచి? వార్తల నుంచి, ఇరుగుపొరుగు నుంచి, కంటికి కనిపించే దాని నుంచి. సగటు అంకె ఒకటి చెబుతూ చుట్టూ ఉన్న జీవితం మరొకటి చెబితే, ఓటరు నమ్మేది జీవితాన్నే. 2004లో భారత్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం ‘భారత్ వెలిగిపోతోంది’ అన్న ప్రచారంతో ముందస్తు ఎన్నికలకు వెళ్లింది. 2003-04లో వృద్ధి రేటు సుమారు 8 శాతం. అంకె అబద్ధం కాదు. కాకపోతే అందులో కొంత, 2002 నాటి తీవ్ర కరువుతో పడిపోయిన వ్యవసాయం మళ్లీ లేవడం వల్ల వచ్చింది. మిగతా వెలుగు ఎక్కువగా నగరాల్లో, సేవల రంగంలో ఉంది. బీజేపీ 182 సీట్ల నుంచి 138కి పడింది. రాష్ట్రాల వారీ పొత్తుల లెక్క కూడా ఆ ఫలితంలో పెద్ద పాత్రే పోషించింది. కాబట్టి దాన్ని కేవలం ఆర్థిక తీర్పుగా చదవడం తొందరపాటు. అయినా ప్రచారానికీ అనుభవానికీ మధ్య దూరం పెరిగితే ప్రచారమే ఎదురు తిరుగుతుందనడానికి ఆ ఎన్నిక గట్టి సాక్ష్యం.

శిక్ష పెద్దది, మెప్పు చిన్నది

హోవర్డ్ బ్లూమ్, డగ్లస్ ప్రైస్ 1975లో ప్రచురించిన పరిశోధనలో, ఆదాయాలు పడిపోయినప్పుడు అధికార పార్టీ ఓట్లు తగ్గాయి గానీ, ఆదాయాలు పెరిగినప్పుడు అదే మోతాదులో పెరగలేదని తేలింది. మనిషికి లాభం ఇచ్చే సంతోషం కంటే అంతే నష్టం కలిగించే బాధ ఎక్కువని డేనియల్ కానమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లో చెప్పిన సిద్ధాంతానికి ఇది చక్కగా అతుకుతుంది. మంచి రోజులు మామూలు రోజుల్లాగే కనిపిస్తాయి. చెడ్డ రోజులకే కారకుడు కావాలి.

దెబ్బతిన్న పేరు కోలుకోవడం ఇంకా కష్టం. 1992 సెప్టెంబరు 16న బ్రిటన్ పౌండు ఒత్తిడికి తట్టుకోలేక, ఐరోపా కరెన్సీల విలువలను ఒకదానితో ఒకటి ముడిపెట్టిన ఐరోపా మారక రేట్ల వ్యవస్థ నుంచి బయటపడింది. ఒకే రోజులో వడ్డీ రేటును 10 నుంచి 12 శాతానికి పెంచారు, 15 శాతానికి పెంచుతామన్నారు, సాయంత్రానికి చేతులెత్తేశారు. ఆర్థికంగా చూస్తే ఆ నిష్క్రమణ మేలే చేసింది. ఎగుమతులు పుంజుకున్నాయి, నిరుద్యోగం తగ్గుతూ వచ్చింది, ద్రవ్యోల్బణం అదుపులో ఉంది. అయినా ఆర్థిక వ్యవహారాలు చక్కగా నడపగలరన్న పేరు కన్జర్వేటివ్‌లకు మళ్లీ రాలేదు. 1997 మే 1న లేబర్ పార్టీ 418 సీట్లు గెలిస్తే వారికి 165 మిగిలాయి. ఎదుగుతున్న ఆర్థిక వ్యవస్థను చేతిలో పెట్టుకుని అంత ఘోరంగా ఓడిన ఉదాహరణలు తక్కువ. ఓటరు తీర్పు చెప్పింది ఆ ఏటి ఆర్థిక పరిస్థితి మీద కాదు, అయిదేళ్ల కిందట తెగిపోయిన నమ్మకం మీద.

తప్పెవరిదని తేలేది ఎలా?

ఈ అంశంలో అన్నిటికంటే చిక్కైన భాగం ఇదే. జి. బింగమ్ పావెల్, గై విటెన్ 1993లో 19 పారిశ్రామిక ప్రజాస్వామ్యాలను పోల్చి చూశారు. ఒకే పార్టీ పూర్తి మెజారిటీతో పాలించే చోట ఆర్థిక ఇబ్బందులకు ఓటరు వేసే శిక్ష స్పష్టంగా కనిపించింది. సంకీర్ణాలు, బలమైన ఎగువ సభలు, ప్రతిపక్షానికి కీలక కమిటీలు ఉన్న చోట ఆ లంకె పలచబడింది. ఎవరిని శిక్షించాలో తెలియని చోట కోపం చెదిరిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీలో ప్రభుత్వాలు దాదాపు 70 మారాయి. అయినా 1990ల ఆరంభం వరకు ప్రతి ప్రభుత్వంలోనూ క్రిస్టియన్ డెమోక్రాట్లే ప్రధాన పక్షం. సమాఖ్య దేశాల్లో కేంద్రం, రాష్ట్రాలు ఒకదాని మీద ఒకటి నెపం నెట్టుకోవడం వెనక ఉన్న రాజకీయ లాభం కూడా ఇదే.

మరి నాయకుడికి అసలు ప్రమేయమే లేని విషయాల సంగతి? దక్షిణ అమెరికా మీద డేనియేలా కాంపెల్లో, సీజర్ జూకో చేసిన పరిశోధన ఇక్కడ కళ్లు తెరిపిస్తుంది. ముడి సరుకుల ఎగుమతి మీద, విదేశీ పెట్టుబడి మీద ఆధారపడే దేశాల్లో అధ్యక్షుల ఆదరణను, వారు తిరిగి గెలిచే అవకాశాన్ని రెండు బయటి అంకెలతో చాలావరకు అంచనా వేయవచ్చని వారు చూపించారు. ఒకటి ముడి సరుకుల అంతర్జాతీయ ధర, రెండోది అమెరికా వడ్డీ రేటు. ఈ రెండింటిలో ఏదీ ఆ అధ్యక్షుల చేతిలో లేదు.

బ్రెజిల్ ఇందుకు కళ్లముందున్న ఉదాహరణ. చైనా గిరాకీతో ఇనుప ఖనిజం, సోయా ధరలు ఆకాశాన్నంటిన దశాబ్దంలో పాలించిన లులా 2010 చివర పదవి వీడేనాటికి ఆయన ఆదరణ 80 శాతం పైనే. ఆయన పార్టీకే చెందిన వారసురాలు డిల్మా రౌసెఫ్ రెండోసారి గెలిచే నాటికే ముడి సరుకుల ధరలు పడిపోతూ ఉన్నాయి. ఆర్థిక వ్యవస్థ 2015లోనూ 2016లోనూ ఏటా 3 శాతానికి పైగా కుంచించుకుపోయింది. 2016 ఆగస్టులో ఆమె అభిశంసనకు గురయ్యారు. అవినీతి కుంభకోణం, ఆమె ప్రభుత్వ విధాన లోపాలు ఇందులో లేవని కాదు. కానీ సరుకుల ధరలు ఎగువన ఉన్న రోజుల్లో లోపాలన్నీ కప్పుకుపోయాయి, దిగువకు వచ్చాక అన్నీ బయటపడ్డాయి. లులా పొందిన పొగడ్తలోనూ, డిల్మా తిన్న తిట్లలోనూ కొంత వాటా ప్రపంచ మార్కెట్టుది.

ఓటరు మరీ గుడ్డిగా తీర్పు చెబుతాడనీ అనలేం. తమ దేశాన్ని పొరుగు దేశాలతో పోల్చి చూసి, తేడాను బట్టి ప్రభుత్వాన్ని తూచే ధోరణి ఉందని మార్క్ కేజర్, మైకేల్ పెరెస్ 2012లో చూపించారు. జనం స్వయంగా ఆ లెక్కలు వేయనక్కర్లేదు. పక్క దేశాలతో పోలుస్తూ వచ్చే వార్తల ద్వారానే ఆ కొలమానం చేరుతుంది. ప్రపంచమంతా ఒకేసారి మునిగినప్పుడు ఈ పోలిక పనిచేయడం మానేస్తుంది. 2022 ద్రవ్యోల్బణం అలాంటిదే. కోవిడ్ తర్వాత తెగిన సరఫరా గొలుసులు, ప్రభుత్వాలు పంచిన డబ్బు, ఉక్రెయిన్ యుద్ధంతో మండిన ఇంధన ధరలు కలిసి అన్ని దేశాలనూ తాకాయి. పక్కింట్లోనూ ఇదే కష్టం అన్న మాట ఎవరినీ ఓదార్చలేదు.

ఎన్నికల ముందు చేతికందే డబ్బు

చివరి ఏడాదికే ఓటరు ఎక్కువ బరువు ఇస్తాడని తెలిశాక నాయకులు ఊరుకోరు. 1975లో విలియం నార్డ్‌హాస్ దీన్ని రాజకీయ వ్యాపార చక్రంగా సిద్ధాంతీకరించారు. ఎన్నికల ముందు ఖర్చు, ఎన్నికల తర్వాత కోత. 1972లో రిచర్డ్ నిక్సన్ హయాంలో అమెరికా సామాజిక భద్రత పింఛన్లు 20 శాతం పెరిగాయి. పెరిగిన మొత్తంతో చెక్కులు అక్టోబరులో ఇళ్లకు చేరాయి, ఎన్నికలు నవంబరులో జరిగాయి. ధరలు, వేతనాల మీద నియంత్రణ అప్పటికే అమల్లో ఉంది. ఆ మూత తీసేశాక, చమురు సంక్షోభం కూడా తోడై, 1974లో ద్రవ్యోల్బణం 11 శాతం దాటింది.

ఈ చక్రం మొత్తం రెండేళ్ల లోపే తిరిగిన దేశం తుర్కియే. 2022 అక్టోబరులో అక్కడ ద్రవ్యోల్బణం 85 శాతం దాటింది. 2023 ఫిబ్రవరి భూకంపం 50 వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. అంత జరిగినా 2023 మేలో ఎర్దోగాన్ రెండో విడతలో 52 శాతం ఓట్లతో గెలిచారు. గెలుపులో జాతీయవాదం, ప్రసార మాధ్యమాల మీద పట్టు, ప్రతిపక్షం బలహీనత అన్నీ ఉన్నాయి. డబ్బు పాత్ర కూడా తక్కువేం కాదు. జనవరిలో కనీస వేతనం దాదాపు 55 శాతం పెంచారు. 20 లక్షల మందికి పైగా ఉద్యోగులకు ముందే పదవీ విరమణ చేసే వీలు కల్పించారు. వడ్డీ రేటును 8.5 శాతం దగ్గర అణిచి ఉంచారు. గెలిచాక లెక్క సరిచేయక తప్పలేదు. 2024 మార్చికి వడ్డీ రేటు 50 శాతానికి చేరింది. ఆ నెలాఖరున జరిగిన స్థానిక ఎన్నికల్లో ఎర్దోగాన్ పార్టీ తన చరిత్రలో మొదటిసారి దేశవ్యాప్త ఓట్లలో రెండో స్థానానికి దిగింది. ఓటరు ఆర్థిక కష్టాన్ని క్షమించాడని 2023లో చాలామంది రాశారు. నిజానికి ఓటరు శిక్షకు గడువు పెంచాడంతే అని పది నెలల తర్వాత తేలింది.

పార్టీ అద్దాల్లోంచి చూస్తే

ఇక్కడో హెచ్చరిక అవసరం. ఆర్థిక పరిస్థితి ఓటును మారుస్తుందన్నది ఎంత నిజమో, ఓటు ఆర్థిక పరిస్థితి మీది అభిప్రాయాన్ని మారుస్తుందన్నది కూడా అంతే నిజం. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం నెలనెలా జరిపే వినియోగదారుల సర్వేలో ఇది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 2016 ఎన్నికల తర్వాత రిపబ్లికన్ మద్దతుదారుల నమ్మకం ఒక్కసారిగా ఎగసింది, డెమోక్రాట్లది పడింది. 2020 తర్వాత బల్ల తిరగబడింది, 2024 తర్వాత మళ్లీ తిరగబడింది. ఆ వారాల్లో ధరలు గానీ, ఉద్యోగాలు గానీ మారలేదు. అధ్యక్షుడు మారాడు. కాబట్టి ఆర్థిక వ్యవస్థ ఎలా ఉందన్న సర్వే జవాబును ముఖవిలువకు తీసుకుని, దాన్నే ఓటుకు కారణంగా చూపించే విశ్లేషణలను జాగ్రత్తగా చదవాలి. ఏ పార్టీకీ కట్టుబడని మధ్యస్థ ఓటర్ల అభిప్రాయమే అసలైన కొలమానం. ఎన్నికల ఫలితాన్ని కదిపేది కూడా చాలావరకు వారే.

కోపం ఎటు మళ్లుతుంది?

మామూలు మాంద్యంలో ఓటరు ఒక పెద్ద పార్టీని దించి మరో పెద్ద పార్టీని ఎక్కిస్తాడు. సంక్షోభం లోతైనప్పుడు, రెండు పెద్ద పార్టీలూ ఒకే మందు పోస్తున్నాయని అనిపించినప్పుడు, పరిస్థితి మారుతుంది. గ్రీసులో సోషలిస్టు పార్టీ పాసోక్‌కు 2009లో 43.9 శాతం ఓట్లు వచ్చాయి. రుణ సంక్షోభం, పొదుపు చర్యల తర్వాత 2012 మేలో 13.2 శాతం, 2015 జనవరిలో 4.7 శాతం. అదే కాలంలో 4.6 శాతంతో అంచున ఉన్న వామపక్ష పార్టీ సిరిజా 36.3 శాతానికి ఎదిగి అధికారం చేపట్టింది. ఐర్లాండ్‌లో దశాబ్దాల తరబడి ఆధిపత్యం చలాయించిన ఫియానా ఫాల్ ఓట్లు 2007 నుంచి 2011 మధ్య 41.6 శాతం నుంచి 17.4 శాతానికి కుంగాయి.

ఇరవై సంపన్న దేశాల ఎన్నికల చరిత్రను 1870 నుంచి పరిశీలించిన ఫుంకె, షులారిక్, ట్రెబెష్ ఒక ముఖ్యమైన తేడా గుర్తించారు. బ్యాంకులు కూలిన ఆర్థిక సంక్షోభాల తర్వాత తీవ్ర కుడిపక్ష పార్టీల ఓట్లు సగటున 30 శాతం మేర పెరిగాయి. మామూలు మాంద్యాల తర్వాత అలా జరగలేదు. బ్యాంకుల పతనాన్ని జనం విధివిలాసంగా చూడరు. పెద్దలు చేసిన తప్పుకు సామాన్యులు మూల్యం చెల్లించారని భావిస్తారు. ఆ భావనలో ఆర్థిక నష్టం కంటే అన్యాయం పాలు ఎక్కువ.

జర్మనీ గురించి ఒక అపోహ కూడా సరిదిద్దుకోవాలి. 1923 నాటి విపరీత ద్రవ్యోల్బణమే హిట్లర్‌ను అధికారంలోకి తెచ్చిందని తరచూ వింటుంటాం. ఆ ద్రవ్యోల్బణం ముగిసిన నాలుగున్నరేళ్లకు, 1928లో నాజీ పార్టీకి వచ్చిన ఓట్లు 2.6 శాతం మాత్రమే. మహా మాంద్యం తాకాక 1930లో 18.3 శాతం, 1932 జులైలో 37.3 శాతం. ఆ సమయంలో ధరలు పడిపోతున్నాయి, నిరుద్యోగులు 60 లక్షలకు చేరారు, ఛాన్సలర్ బ్రూనింగ్ ప్రభుత్వం వేతనాలకు, ఖర్చులకు కోత పెడుతోంది. ఉద్యోగం పోయినవారు ఎక్కువగా కమ్యూనిస్టుల వైపు వెళ్లారని, ఆస్తీ ఉపాధీ పోతాయేమోనని భయపడ్డ చిన్న వ్యాపారులు, సొంత కమతాల రైతులు నాజీల వైపు మొగ్గారని ఓట్ల వివరాలను జిల్లాల వారీగా తవ్విన పరిశోధకులు చూపించారు. ఒకే మాంద్యం రెండు వర్గాలను రెండు వైపులకు నెట్టింది.

ఇకపై ఏం జరగవచ్చు?

2024 ఫలితాల నుంచి ప్రభుత్వాలు నేర్చుకున్న పాఠం స్పష్టమే. నిరుద్యోగం కంటే ధరలే ఎక్కువ ప్రమాదకరమని. 2008 తర్వాత చాలాచోట్ల ప్రభుత్వాలు తక్కువ ఖర్చు చేశాయని, కోలుకోవడం ఆలస్యమైందని విమర్శ వచ్చింది. కోవిడ్ సమయంలో అందుకు భిన్నంగా చేతికి ఎముక లేకుండా ఖర్చు పెట్టి ఉద్యోగాలను కాపాడారు. అమెరికాలో 2024 అక్టోబరుకు నిరుద్యోగం 4.1 శాతం. ఆ విజయానికి ఓట్లు రాలలేదు. రేపు మరో మాంద్యం వస్తే ఖర్చు చేయడానికి నాయకులు వెనకాడే ప్రమాదం ఉంది. అందుకు మూల్యం చెల్లించేది మొదట ఉద్యోగం పోయే ఆ కొద్దిమందే.

కేంద్ర బ్యాంకుల మీద ఒత్తిడి కూడా పెరుగుతుంది. వడ్డీ రేట్లు పెంచినా తగ్గించినా ఓటరు బాధ్యుడిగా చూసేది ఎన్నికైన నాయకుడినే. చేతిలో లేని మీటకు తాను శిక్ష అనుభవించడం ఏ నాయకుడికీ రుచించదు. ధరల నియంత్రణ, సబ్సిడీలు, ఎగుమతుల నిషేధం వంటి తక్షణ ఉపాయాల వైపు మొగ్గు సహజంగా పెరుగుతుంది.

ఇక కొత్తగా గెలిచినవారి సంగతి. 2023 నవంబరులో అర్జెంటీనాలో ఏడాది ద్రవ్యోల్బణం 140 శాతం దాటిన వేళ, పదవిలో ఉన్న ఆర్థిక మంత్రి సెర్జియో మస్సాయే అధికార పక్షం అభ్యర్థిగా నిలబడి హావియెర్ మిలే చేతిలో ఓడారు. బాధ్యుడు ఎవరన్న ప్రశ్నకు అక్కడ ఇద్దరు ముగ్గురి పేర్లు వెతకాల్సిన పని లేకపోయింది. బ్రిటన్‌లో లేబర్ పార్టీ 33.7 శాతం ఓట్లతోనే భారీ మెజారిటీ సాధించింది. అది తన మీద పెరిగిన ప్రేమతో వచ్చిన గెలుపు కాదని ఆ అంకే చెబుతుంది. ప్రభుత్వం మారినా 120కి చేరిన ధర 100కి రాలేదు. ఏడాది తిరగకుండానే, 2025 మే 1న జరిగిన స్థానిక ఎన్నికల్లో, అందరికంటే ఎక్కువ సీట్లు గెలిచింది లేబర్ కాదు, కన్జర్వేటివ్‌లూ కాదు. దేశాన్ని ఒక్కరోజు కూడా పాలించని రిఫార్మ్ యూకే పార్టీ.